కొండవాలున జానెడు మన్నే ఆధారం

కనిగిరి: గడ్డపలుగుతో ఒక్క పోటు వేస్తే ఖంగుమని మోగే పొలాలు ఈ ప్రాంతంలో కొల్లలు. పైన జానెడు ఎర్రమన్ను, అందులో మూడోవంతు గులకరాళ్లు, కింద బండ. ఈ జానెడు మన్నునే నమ్ముకుని సజ్జ, కంది, ఆముదం, ఉలవ పండించుకుంటూ తరతరాలుగా బతుకుతున్న పల్లెలు హనుమంతునిపాడు, వెలిగండ్ల, పి.సి.పల్లి, సి.ఎస్.పురం మండలాల్లో ఎన్నో వున్నాయి. ఆ జానెడు చాలాచోట్ల బెత్తెడుకు దిగుతున్నది. మన్ను పోతే పంట పోతుందని అందరికీ తెలిసిందే. కనిగిరి దగ్గర మాత్రం నష్టం అంతటితో ఆగదు. మన్ను పోయినచోట నీరు నిలవదు. నీరు నిలవనిచోట బోరు లోతుకు దిగుతుంది. ఆ లోతున వున్న బండలో ఫ్లోరిన్ వున్నది.

కొండ కరిగి పొలమైన తీరు

పడమట వెలిగొండలు, పట్టణం నెత్తిన దుర్గం కొండ, మధ్యలో ఎక్కడపడితే అక్కడ లేచిన గుట్టలు - కనిగిరి సీమ రూపమే ఇది. వెలిగొండల్లో గట్టి ఇసుకరాయి, పలకరాయి ఎక్కువ. ఇసుకరాయి అరిగితే ఇసుకే మిగులుతుంది. పలకరాయి పెళ్లలు పెళ్లలుగా ఊడి వాలంతా పరుచుకుంటుంది. కనిగిరి వైపు గుట్టలు గ్రానైటు. ఎండకు కాగి, రాత్రికి చల్లారి, వానకు నాని ఈ రాయి ఉల్లిపొరలా ఊడుతుంది. ఊడిన పొర మొరం అవుతుంది. మొరం చితికి, కుళ్లిన ఆకూ గడ్డీ కలిసి ఎర్రమన్ను అవుతుంది. అంగుళం మన్ను తయారు కావాలంటే వందల ఏళ్లు పడుతుంది. అది పోవడానికి నాలుగైదు గట్టి వానలు చాలు.

వాగు ఒడ్డు నుంచి గుట్ట మీదికి నడిచేవారికి ఈ తేడా కాలికే తెలుస్తుంది. అడుగున నల్లమట్టి, అక్కడక్కడా చవుడు. కొంచెం పైన మోకాలి లోతు ఎర్ర గరువు. ఇంకా ఎగువకు పోతే రాయీ మన్నూ సగం సగం. ఆ పైన బండ, బండ చీలికల్లో బలుసు, బందారు, బిల్లుడు, రేగు కంపలు. దిగువ పొలం మందంగా వున్నదంటే ఆ మన్ను ఒకప్పుడు ఎగువ పొలంలో వున్నదే. అన్నదమ్ముల పంపకాల్లో ఎగువ చెక్క ఎవరికి, దిగువ చెక్క ఎవరికి అని తగాదాలు ఊరికే రావు.

వానలు లేకనే కనిగిరి కరవు సీమ అయిందని అందరూ అంటారు. అది సగం మాటే. గుంటూరు వైపు నల్లరేగడి రైతుకూ, ఇక్కడి వాలు రైతుకూ వున్న తేడా వానలో ఎంత వున్నదో నేలలోనూ అంత వున్నది. మీటరు లోతున్న రేగడి తడిస్తే పైరుకు పనికివచ్చే నీరు సుమారు 20 సెంటీమీటర్లు దాచుకుంటుంది. పెరిగిన పైరు ఎండ రోజున నాలుగైదు మిల్లీమీటర్ల నీరు తాగుతుంది. అంటే మళ్లీ వాన పడకపోయినా రేగడిలో మిరప, పత్తి నెల పైచిలుకు తట్టుకుంటాయి. ఇక్కడి జానెడు గులకనేల ఎంత తడిసినా దాచుకోగలిగేది ఒకటిన్నర, మహా అయితే రెండు సెంటీమీటర్లు. నాలుగైదు రోజులకు అది అయిపోతుంది. ఆరో రోజున సజ్జ ఆకు చుట్ట చుట్టుకుంటుంది. పది రోజులు వరపు వచ్చిందంటే గింజ పాలు పట్టదు. ఒకే వాన పడిన రెండు ఊళ్లలో ఒకచోట పంట, మరొకచోట ఎండు చొప్ప ఎందుకంటే, ఇందుకు.

మిగతా నీరు ఏమవుతుంది? ఒక ఎకరంపై ఒక సెంటీమీటరు వాన అంటే 40 వేల లీటర్లు. ఉత్తర, హస్త కార్తెల్లోనో, తుపాను రోజుల్లోనో గంటలో అయిదు సెంటీమీటర్లు కురిస్తే ఎకరానికి రెండు లక్షల లీటర్లు. నేల పట్టేది అందులో 80 వేల లీటర్లకు మించదు. బండ చీలికల్లోకి కొంత ఇంకినా, తక్కిన నీరంతా వాలు వెంట పరుగు తీస్తుంది. వాన వెలిసిన పూట వంకలో పారే నీరు ఎర్రగా ఎందుకు వుంటుందో పశువులు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. ఒక ఎకరంలో ఒక్క సెంటీమీటరు మన్ను కొట్టుకుపోతే అది సుమారు 60 టన్నులు. ట్రాక్టరు ట్రక్కుకు మూడు టన్నుల చొప్పున వేసుకుంటే 20 ట్రక్కులు. పొలంలోకి ఎవరైనా ట్రక్కు తెచ్చి ఒక్క లోడు మన్ను ఎత్తుకుపోతే రైతు కర్ర పుచ్చుకుని వెంటపడతాడు. వాన ఇరవై లోడ్లు ఎత్తుకుపోతే మాత్రం తలుపు మూసుకుని ఇంట్లో కూర్చుంటాడు.

నీరు ముందుగా తీసుకుపోయేది మెత్తటి మన్నును, పశువుల ఎరువును. రాళ్లు కదలవు. అందుకే కొన్నేళ్లకు పొలమంతా రాళ్లే కనిపిస్తాయి. తమ పొలంలో రాళ్లు ఏటేటా మొలుస్తున్నాయని చెప్పే రైతులు వున్నారు. రాళ్లు మొలవవు. వాటి మధ్యనున్న మన్ను పోయి అవి బయటపడతాయి.

బండలోని విషం

ఎగువన మన్ను మందంగా, గడ్డీ కంపా దట్టంగా వున్న రోజుల్లో వాన నీరు నిలిచి నిలిచి ఇంకేది. మొరం పొరలో ఊట చేరి దిగుడుబావుల్లోకి, వాగు చెలమల్లోకి వచ్చేది. కపిలలు తోలింది ఆ నీటితోనే. వాలు బోడి అయ్యాక ఊట తగ్గింది, బావులు ఎండాయి. బోర్ల యంత్రాలు వచ్చాయి. ఒక బోరు ఎండితే దాని పక్కన ఇంకొకటి, ఇంకా లోతుగా. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం బోరు వేయడానికి అనుమతి కావాలన్న నిబంధన వున్నా పందెం ఆగలేదు.

ఈ లోతు బోర్లు దిగేది మామూలు రాతిలోకి కాదు. కనిగిరి గ్రానైటు అని ఈ ఊరి పేరుతోనే భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే ఈ రాయి నూరు కోట్ల ఏళ్లకు పైబడినది. అందులో ఫ్లోరైటు అనే ఖనిజం వున్నది. నల్ల అభ్రకంలోనూ ఫ్లోరిన్ వుంటుంది. వాన నీరు రాతి చీలికల్లో ఎన్ని ఏళ్లు మగ్గితే అంతగా ఆ ఫ్లోరిన్‌ను కరిగించుకుంటుంది. పై ఊటలో ఏటా కొత్త నీరు కలుస్తుంది కాబట్టి విషం పలచబడుతుంది. లోతు నీటికి ఆ అవకాశం లేదు. సాధారణంగా ఇదే వరస. అయితే పై బావి నీరు అన్నిచోట్లా మంచిదని అనుకోరాదు. పరీక్ష చేయించి తీరవలసిందే.

ఈ సంగతి నేటిది కాదు. 1970లో కొత్త జిల్లా ఏర్పడక ముందు కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లాలో వుండేవి. ఆ నెల్లూరు జిల్లా పల్లెల్లో జనానికి పళ్లు గారపట్టడం, నడుములు వంగిపోవడం, కీళ్లు బిగుసుకుపోవడం తాగునీటిలోని ఫ్లోరిన్ వల్లనేనని 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు తేల్చి ప్రకటించారు. మన దేశంలో ఈ జబ్బును గుర్తించిన తొలి నివేదికల్లో అది ఒకటి. ఎడ్లు కీళ్లు పట్టి కాడి మోయలేకపోతున్నాయని రైతులే ముందు కనిపెట్టారని చెబుతారు.

తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు వుండడం మంచిదనీ, వేరే గతి లేనిచోట కూడా ఒకటిన్నర దాటరాదనీ దేశ ప్రమాణం. కాచితే పోతుందని కొందరు అనుకుంటారు. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. వాన నీటిలో ఫ్లోరైడు దాదాపు వుండదు. అంటే ఈ సీమకు మందు ఆకాశం నుంచి ఉచితంగానే వస్తున్నది. దానిని ఆపి దాచుకునే మన్ను వాలు మీద వుండాలి, అంతే.

కృష్ణా నీటి మీద ఆశ పెద్దదే. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టుకు పూల సుబ్బయ్య పేరు పెట్టారు. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల ద్వారా 43.5 టీఎంసీల వరద నీరు తెచ్చి 4.47 లక్షల ఎకరాలకు ఇవ్వాలన్నది దాని లక్ష్యం. రెండో సొరంగం తవ్వకం 2024 జనవరిలో ముగిసింది. ఆ నీరు పల్లెలకు చేరితే తాగునీటి బాధ తీరవచ్చు. కానీ కాలువ పల్లానికే పారుతుంది. కాలువ కన్నా ఎగువన వున్న వాలు పొలాలకు వానే కాలువ, మన్నే చెరువు.

రాయి అడ్డం పెట్టిన పెద్దలు

పాత పొలాలు చూస్తే వాలుకు అడ్డంగా మోకాలెత్తు రాతికట్లు అక్కడక్కడా ఇంకా కనిపిస్తాయి. సున్నం లేదు, సిమెంటు లేదు. పొలంలో ఏరిన రాయి పొలం గట్టునే పేర్చారు. వాన నీరు కట్టు దగ్గర నెమ్మదించి రాళ్ల సందుల్లోంచి వడగట్టినట్లు దిగువకు పోతుంది. తెచ్చిన మన్ను కట్టు వెనకనే కూర్చుంటుంది. పదిపదిహేనేళ్లకు కట్టు వెనక నేల ఎత్తు పెరిగి వాలు మెట్టుగా మారుతుంది. ఇదే పనిని ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశంలో, యటెంగా అనే ఎండు సీమలో 1980 ప్రాంతాన రైతులు పెద్ద ఎత్తున చేపట్టారు. వాళ్లు నీటిమట్టం చూసుకోవడానికి వాడింది నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టం. అక్కడి యకూబా సవడోగో అనే రైతు గట్టి నేలలో గుంటలు తీసి, పశువుల పేడ వేసి, రాతి వరసలు పేర్చి బీడును పొలంగా, పొలాన్ని అడవిగా చేశాడు. 2018లో ఆయనకు రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది. 2023లో కన్నుమూశాడు. ఆయన చదువుకున్న ఇంజనీరు కాదు, కనిగిరి రైతు లాంటి రైతే.

రాతికట్టులో కీలకం రాయి కాదు, మట్టం. కట్టు పొడుగునా ఒకే ఎత్తులో వుండాలి. జానెడు తేడా వచ్చినా నీరంతా పల్లపు మూలకు చేరి అక్కడ గండి కొడుతుంది. మట్టం చూడడానికి సర్వే యంత్రం అక్కర లేదు. ఆరడుగుల కర్రలు రెండు సమానంగా కోసి, పై కొసలు కలిపి కట్టి, కాళ్లు ఎడంగా పెట్టి నడుమ అడ్డకర్ర కట్టాలి. పై ముడి నుంచి దారానికి రాయి వేలాడదీయాలి. సమానమైన చదును బండ మీద నిలబెట్టి దారం అడ్డకర్రను తాకే చోట గీత పెట్టాలి. కర్ర కాళ్లు తిప్పి పెట్టి మళ్లీ చూడాలి. రెండు గీతలు పడితే వాటి నడిమధ్యే సరైన గుర్తు. ఇక పొలంలో ఒక కాలు స్థిరంగా వుంచి, దారం గుర్తు మీద పడేవరకూ రెండో కాలు అటూ ఇటూ జరుపుతూ పోవాలి. కాలు ఆనినచోటల్లా గూటం కొట్టుకుంటూ పోతే మట్టపు గీత ఏర్పడుతుంది. ఇద్దరు మనుషులు ఒక పూటలో నాలుగెకరాల వాలుకు గీతలు వేయవచ్చు.

గీత వెంట బెత్తెడు లోతు పునాది తీసి, పెద్ద రాళ్లు దిగువ వైపున, చిన్నవి ఎగువ వైపున పేర్చాలి. సందులు మూయకూడదు. మూస్తే నీరు నిలబడి కట్టును తోసేస్తుంది. కట్టు వెంట కలబంద నార మొక్కలో, సీతాఫలమో నాటితే వేరు రాయిని పట్టుకుంటుంది. పొలంలోని రాళ్లన్నీ ఏరివేయాలనే పట్టుదల మాత్రం మంచిది కాదు. పిడికెడు రాళ్లు కొన్ని పైన వుంటే వాన దెబ్బ నేలకు తగలదు, కింద తడి త్వరగా ఆరదు. నాగలికి అడ్డం వచ్చేవి తీస్తే చాలు.

చిక్కు ఇంకొకచోట వున్నది. పంపకాల్లో చాలాచోట్ల పొలాలను పైనుంచి కిందికి పట్టీలుగా కోశారు. ఎగువ గులకనేలా దిగువ గరువూ అందరికీ సమంగా రావాలన్నది న్యాయమే. కానీ పట్టీ సన్నగా, పొడుగ్గా అయ్యేసరికి అడ్డంగా దున్నడానికి ఎడ్లకైనా ట్రాక్టరుకైనా తిరుగుడు చాలదు. రైతు వాలు వెంటే దున్నుతాడు. దున్నిన ప్రతి చాలూ ఒక చిన్న కాలువ అవుతుంది. మట్టపు గీత అయిదారుగురి పట్టీలను దాటిపోతుంది కాబట్టి ఒక్కడు కట్టు కడితే చాలదు. ఒకాయన కట్టి పక్కాయన కట్టకపోతే నీరు పక్క పట్టీలోంచి దూకి కట్టిన ఆయన పొలాన్నే కోస్తుంది. హద్దు తగాదాలు మాని అయిదారుగురు ఒకచోట కూర్చుంటేనే ఇది జరిగే పని. ఇది ఇంజనీర్లు చేసిపెట్టేది కాదు.

ప్రభుత్వ పథకాలు రాలేదని అనలేము. 1973-74లో మొదలైన కరవు ప్రాంతాల పథకం, 1995 మార్గదర్శకాలతో వాటర్‌షెడ్లు, 2000లో నీరు-మీరు, 2007లో ఉపాధి హామీ పనులు - వరసగా వచ్చాయి. కొండ మీద మొదలుపెట్టి లోయకు దిగాలన్నది వాటర్‌షెడ్ పనులకు మూలసూత్రం. ఆచరణలో చాలాచోట్ల తలకిందులయింది. అందరికీ కనిపించే చెక్‌డ్యాం వాగులో ముందు లేచింది. ఎవరూ ఎక్కి చూడని గుట్ట వాలు మీద పని మిగిలిపోయింది. ఎగువ మన్నంతా దిగి రెండు మూడేళ్లలో చెక్‌డ్యాం పూడిపోయింది. యంత్రంతో తవ్విన కందకాలు మట్టం తప్పినచోట అవే వంకలుగా మారాయి. అదే వాలు మీద రాతి కట్టు కట్టి, ఏటా జారిన రాయిని ఎత్తి పెట్టుకునే రైతు పొలంలో మన్ను నిలిచింది. డబ్బు ఎంత ఖర్చయిందన్న దానికన్నా, జారిన రాయిని ఎత్తేవాడు ఎవరన్నదే అసలు ప్రశ్నగా కనిపిస్తున్నది.

మరోవైపు రోడ్లకు, ఇళ్ల పునాదులకు గ్రావెల్ కావాలని గుట్టల పాదాలు తవ్వేస్తున్నారు. ఊట నీరు నిలిచేది సరిగ్గా ఆ మొరం పొరలోనే. పాదం తవ్విన గుట్ట మీద పై మన్ను కూడా నిలవదు, కొద్దికొద్దిగా జారి గోతిలో పడుతుంది. గ్రామ సభలో మొరం అనుమతి విషయం వచ్చినప్పుడు దిగువ బావుల యజమానులు నోరు తెరవవలసిన సందర్భం ఇది.

ఏ నేలకు ఏ పైరు

జానెడు కన్నా తక్కువ మన్నున్నచోట దున్నకపోవడమే మేలు. నేలలను ఎనిమిది తరగతులుగా విభజించే శాస్త్రజ్ఞుల లెక్కలో ఇటువంటి నిటారు గులకనేలలు ఆరు, ఏడు తరగతుల్లోకి వస్తాయి. అవి గడ్డికి, చెట్టుకు తప్ప నాగలికి కావు. సీతాఫలం, రేగు, వెలగ, వేప బండ చీలికల్లో వేరు దూర్చుకుని బతుకుతాయి. సీతాఫలాన్ని మేక కూడా ముట్టదు. గొర్రెల కాపరులను గుట్ట ఎక్కవద్దని అనడం న్యాయం కాదు, వారి బతుకూ దానిమీదే. తొలకరి నుంచి గడ్డి గింజ రాలే దాకా, అంటే దీపావళి దాకా, గుట్టలో ఒక పక్కను మూసి వుంచి మరుసటి ఏడు రెండో పక్కను మూస్తే మందకూ మేత దక్కుతుంది, నేలకూ విత్తనం దక్కుతుంది.

జానెడు నుంచి మూరెడు మన్నున్నచోట 80, 90 రోజుల్లో చేతికి వచ్చే సజ్జ, కొర్ర, పెసర సరిపోతాయి. కంది వేరు లోతుకు పోయేది. కింద మెత్తటి మొరం వుంటే దూసుకుపోతుంది, గట్టి బండ వుంటే అడ్డం తిరిగి మొక్క గిడసబారుతుంది. విత్తే ముందు పొలంలో పది చోట్ల గడ్డపలుగు దించి చూస్తే ఏ చెక్కలో ఏమి వేయాలో తెలిసిపోతుంది. సజ్జ వరసల మధ్య అలసంద వేస్తే ఆకు నేలను కప్పి వాన దెబ్బను ఆపుతుంది. పునాస తప్పిన ఏడు ఊరికే దున్ని వదలడం కన్నా హస్త, చిత్త కార్తెల పదునుకు ఉలవ చల్లడం నయం. ఉలవకు పెట్టుబడి లేదు, తుపాను వానల నాటికి నేల మీద దుప్పటిలా పరుచుకుంటుంది.

రాతికట్టు పని ఎండాకాలంలోనే జరగాలి. మృగశిర వాన పడ్డాక ఎవరికీ తీరిక వుండదు. మట్టపు గీతల విషయంలో సందేహం వున్నవారు మండల వ్యవసాయ అధికారిని గానీ, దర్శిలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ అడగవచ్చు. తాగే నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవచ్చు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు తొలిచి, ఒక లీటరు పట్టి, బోరు ఎన్ని అడుగులో, నీరు పట్టిన తేదీ ఏదో సీసా మీద రాసి ఇవ్వాలి. ఒక ఊరిలోనే ఒక బోరుకూ మరొక బోరుకూ ఫలితం వేరుగా వుంటుంది కాబట్టి ప్రతి బోరుకూ వేరే సీసా పట్టాలి.